టంగుటూరు మీదుగానే వెళ్తాం, మా ఇంటికి మాత్రం వెళ్లలేం

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాను. పేరు వద్దన్నారు.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ల పాప. పుట్టిల్లు ప్రకాశం జిల్లాలో టంగుటూరు దగ్గర పల్లె, తండ్రి పొగాకు రైతు. అత్తవారిది నెల్లూరు జిల్లాలో కోవూరు దగ్గర. మామగారు రెండేళ్ల కిందట పోయారు. అత్తగారు ఆ ఇంట్లో ఒక్కరే ఉంటారు. హైదరాబాద్ రమ్మంటే "ఇల్లు పాడుపెట్టి ఎట్టా వచ్చేది" అంటారట. ఆడపడుచు చెన్నైలో ఉంటారు, ప్రతి సంక్రాంతికీ పిల్లలతో కోవూరు వస్తారు.

పెళ్లయిన మొదటి సంక్రాంతికి కొత్త అల్లుడి మర్యాదలన్నీ టంగుటూరులో జరిగాయి. ఆ తర్వాత ఏటా కోవూరే. "హైదరాబాద్ నుంచి అద్దంకి రోడ్డు మీద వచ్చి హైవే ఎక్కితే కోవూరు కంటే ముందు మా ఊరే వస్తుంది. పోయినేడు టంగుటూరు టోల్‌గేట్ దగ్గర 'అయిదు నిమిషాలు ఇంటికి వెళ్లి వద్దామండీ' అన్నాను. 'అమ్మ ఎదురుచూస్తా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు వెళ్దాంలే' అన్నారు. టోల్ డబ్బులు కట్ అయిన మెసేజ్ ఫోన్‌కు వచ్చింది. మా ఊరి పేరు ఆ మెసేజ్‌లో చూసుకోవడమే నా పండగ" అని రాశారు.

తిరుగు ప్రయాణం కనుమ నాడు పెట్టుకుంటే అత్తగారు "కనుమ నాడు కాకి కూడా కదలదు" అని ఆపేశారు. మర్నాటికి భర్త సెలవు అయిపోయింది. దారిలో పుట్టింట్లో ఒక్క గంట ఆగారు. పాప నిద్రపోతోంది. తండ్రి బ్యారన్ (పొగాకు ఆకును మంట వేడితో ఎండబెట్టే కొట్టం) దగ్గర్నుంచి వచ్చి, చేతులకు పొగాకు జిగురు ఉందని మనవరాలిని ఎత్తుకోకుండా చూసి ఊరుకున్నారు. తల్లి అరిసెల డబ్బా చేతిలో పెట్టి "ఏం పర్లేదులేమ్మా" అన్నారు. కారులో హైదరాబాద్ దాకా ఈమె ఏడుస్తూనే ఉన్నారు.

ఇంకో రెండు సంగతులు. పాపకు భోగిపళ్లు కోవూరులోనే పోయాలని అత్తగారి పట్టు. "పోయినేడు అత్తమ్మ ఒక్క పండు కూడా పోయలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూసింది. వదిన, పక్కింటివాళ్లు పోశారు. తను పోయకపోయినా తన ఇంట్లోనే జరగాలట. మా అమ్మ ఇంతవరకు ఒక్కసారి కూడా పోయలేదు. పాపకు అయిదేళ్లు దాటితే ఇక ఆ ముచ్చటే ఉండదు." రెండోది వంటిల్లు. "వదిన పుట్టింటికి వచ్చింది కాబట్టి విశ్రాంతి తీసుకుంటుంది. న్యాయమే. మరి నాకూ ఒక పుట్టిల్లు ఉంది కదా?"

భర్తను అడిగితే "నాకు రెండూ ఒకటే, మీరూ మీరూ తేల్చుకోండి" అన్నారట. దసరా సెలవుల్లో ఈమె "ఈసారి నేను కోవూరు రాను" అనేశారు. అప్పటి నుంచి ఇంట్లో మాటలు ముక్తసరిగా నడుస్తున్నాయి. "నేను అడిగేది తప్పా? ఈసారి పట్టుబట్టి మా ఊరికి వెళ్లాలా, ఎప్పటిలాగే సర్దుకోవాలా?" ఇదీ ప్రశ్న.

సమాధానం

మీరు అడిగేది తప్పు కాదు. దీని మీద ఎక్కువ మాటలు అక్కర్లేదు. పెళ్లయినంత మాత్రాన అమ్మానాన్నల దగ్గర పండగ చేసుకోవాలన్న ఆశ పోదు, పోవాల్సిన పనీ లేదు. పోయినేడు టోల్‌గేట్ దగ్గర కారు ఆపి ఉండాల్సింది. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న కోవూరుకు అరగంట ఆలస్యంగా వెళ్తే అత్తగారి పండగకు వచ్చే నష్టమేమీ లేదు.

కానీ "పట్టుబట్టాలా, సర్దుకోవాలా" అన్న రెండే దారులు మీకు కనిపిస్తున్నాయి చూడండి, అక్కడే చిక్కంతా ఉంది. పట్టుబడితే ఒక పండగ మీది, మిగతా ఏడాదంతా దాని తాలూకు సాధింపు. సర్దుకుంటే ఆ కోపం పాప మీదో, మీ ఆయన మీదో ఇంకో రూపంలో బయటికొస్తుంది, ఇప్పుడు వస్తున్నట్టే. ఈ రెండింటికీ మధ్య చాలా చోటు ఉంది. అందులోకి వెళ్లే ముందు మీ ఉత్తరంలో కలిసిపోయిన విషయాలను విడదీసి చూద్దాం.

ముందుగా, వీటిలో ఏది తేదీకి కట్టుబడి ఉంది, ఏది లేదు? సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టడం ఆ రోజే జరగాలి. మామగారు పోయి రెండేళ్లే అయింది. ఆయన ఫొటో ముందు కొత్త పంచె పెట్టి, విస్తరి వేసి, దండం పెట్టాల్సింది కొడుకు. ఆ పూట మీ ఆయన కోవూరులో లేకపోతే అత్తగారికి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. దాన్ని కదిపే ఆలోచన వద్దనే నా సలహా. భోగిపళ్లు భోగి నాడే. కనుమ నాడు ప్రయాణం చెయ్యకూడదన్నది అత్తగారి నమ్మకం. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఆమె ఇంట్లో ఆ రోజు గుమ్మం దాటడమంటే గొడవ పెట్టుకోవడమే.

మీ పుట్టింటి వైపు కూడా తేదీకి కట్టుబడ్డది ఒకటుంది. మీరు దాన్ని సమస్యగా రాయలేదు, నాకు మాత్రం అదే ముఖ్యమనిపించింది. జనవరి అంటే పొగాకు రైతుకు ఆకు రెలుపుల, అంటే కోతల కాలం. కోసిన ఆకును కర్రలకు కట్టించి బ్యారన్‌లో ఎక్కించాక అది పండి ఎండేదాకా దాదాపు వారం రోజులు, పగలూ రాత్రీ, మంట చూసుకుంటూ ఉండాలి. వేడి ఎక్కువైనా, తగ్గినా ఆకు రంగు చెడుతుంది. రంగు చెడితే వేలంలో గ్రేడు పోతుంది. ఏడాది కష్టం ఒక్క రాత్రి కునుకుతో పోవచ్చు. పండగకు కూలీలు రారని కొందరు భోగికి ముందే బ్యారన్ నింపేస్తారు. పండగ నాడు రైతు బొబ్బట్టు తిన్నా, బ్యారన్ దగ్గర థర్మామీటరు మీద ఒక కన్ను వేసే తింటాడు. (ఒంగోలు, కొండపి, టంగుటూరు వైపు ఇది ఇంటింటి కథ. వేలం కేంద్రాల దగ్గర జనాన్ని చూసినవాళ్లకు దాని వెనక ఈ రాత్రులు కనిపించవు.)

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీరు పట్టుబట్టి పండగ మూడు రోజులూ టంగుటూరులో ఉన్నా నాన్నగారు మీకు దొరికేది తక్కువే. జిగురు చేతులతో వచ్చి నిలబడిన మనిషి ఆ వారంలో రోజూ అలాగే వస్తారు. కాబట్టి మీకు కావాల్సింది పండగ తేదీలా, నాన్నగారితో గడిపే రోజులా అన్నది ఒకసారి మీలో మీరు తేల్చుకోండి. రెండూ కావాలనుకోవడంలో తప్పు లేదు. కానీ రెండూ ఒకే వారంలో దొరక్కపోవచ్చు.

ఇప్పుడు అత్తగారి సంగతి. మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివిన వాక్యం, ఆమె గుమ్మం దగ్గర నిలబడి చూసిందన్నది. మీరు దాన్ని ఆమె పంతానికి రుజువుగా రాశారు. నాకు అలా అనిపించలేదు. ఆమె ఎందుకు పోయలేదో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. భర్త పోయిన ఆడమనిషిని భోగిపళ్ల పళ్లెం దగ్గరకు పిలవరు. వద్దని ఎవరూ అనరు. పిలవరు, అంతే. ఆమే రెండడుగులు వెనక్కి తప్పుకుంటుంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ప్రతి శుభకార్యానికీ పసుపు గిన్నె ఎక్కడుందో చెప్పిన మనిషి, ఇప్పుడు సొంత మనవరాలి తల మీద రేగిపళ్లు పడుతుంటే దూరం నుంచి చూస్తోంది. ఇక ఆమెకు మిగిలింది, ఆ వేడుక తన ఇంట్లో జరగడం ఒక్కటే. అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకున్నారనుకుంటాను. నేను ఆమెతో మాట్లాడలేదు కాబట్టి ఇది నా ఊహ. కానీ మీరు అడిగి చూడొచ్చు.

ఈసారి కోవూరులో భోగిపళ్లు పోసే పక్షంలో మొదటి దోసిలి ఆమెతోనే పోయించండి. ఇది నలుగురి ముందు హఠాత్తుగా అంటే ఆమె కంగారుపడి వద్దంటారు, చుట్టాల్లో ఎవరో ఒకరు మూతి తిప్పుతారు, పండగ పూట అదో రభస. ముందు రోజు రాత్రి, వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు, "అత్తమ్మా, రేపు పాపకు ముందు మీరే పోయాలి, నాకు మీ చెయ్యే కావాలి" అనండి. ఒప్పుకోకపోతే బలవంతం వద్దు. ఒప్పుకుంటే మర్నాడు పాపను మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని పళ్లెం ఆమె వైపు జరపండి, ఎవరేమన్నా సమాధానం మీరు చెప్పండి. ఒక్క జాగ్రత్త. దీన్ని బేరంగా వాడకండి. "నేను మిమ్మల్ని పోయనిచ్చాను కాబట్టి మీరు నన్ను పంపండి" అన్న వాసన వచ్చిందంటే ఆ పని చెయ్యకపోవడమే నయం.

ఇక పండగ ఎలా పంచుకోవాలన్నది. నాకు తోచిన దారులు చెబుతాను, దేనికి ఎంత ఖర్చో కూడా చెబుతాను. డబ్బు ఖర్చు ఒక్కటే కాదు లెండి.

మీరు టీచరు. స్కూళ్లకు మామూలుగా భోగికి రెండు మూడు రోజుల ముందే సెలవులు మొదలవుతాయి. మీ ఆయనకు సెలవు నాలుగు రోజులే. ఈ తేడా మీ చేతిలో ఉన్న పెద్ద వసతి, ఇన్నేళ్లు మీరు దాన్ని వాడుకోలేదు. మీరూ పాపా సెలవు ఇచ్చిన రోజే రైలెక్కి ఒంగోలులో దిగండి. భోగి తెల్లవారుజామున మంట మీ ఊళ్లో వెయ్యండి. పాపతో పిడకల దండ మంటలో వేయించండి. మీ అమ్మగారికి అభ్యంతరం లేకపోతే ఉదయమే ఒక పళ్లెం రేగిపళ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రేకలు, చిల్లర కలిపి పాప తల మీద ఆమె పోస్తారు. సాయంత్రమే పొయ్యాలన్న పట్టింపు ఆమెకు ఉంటే అప్పుడు ఆలోచించాలి. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయల్దేరిన మీ ఆయన మధ్యాహ్నానికి టంగుటూరు చేరతారు. అత్తింట్లో అల్లుడిగా భోజనం చేసి, మిమ్మల్ని ఎక్కించుకుంటే సాయంత్రం దీపాల వేళకు కోవూరులో ఉంటారు. అక్కడ రెండో పళ్లెం. మర్నాడు పెద్దలకు పెట్టడం, ఆ మర్నాడు కనుమ, నెల్లూరులో పెన్నా ఒడ్డున ఏటి పండగ, అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి.

ఈ పద్ధతిలో వచ్చే చిక్కు ఏమిటంటే, "కోడలు మొగుడు లేకుండా ముందే పుట్టింటికి వెళ్లింది" అన్న మాట కోవూరులో వినిపించొచ్చు. పిండివంటలకు మీ చెయ్యి లేదన్న మాట కచ్చితంగా వినిపిస్తుంది. మొదటిదానికి మందు మీ ఆయన ముందుగానే వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పడం. రెండోదానికి, ఆ అరిసెలేవో మీ అమ్మగారి ఇంట్లో వండి ఒక పెద్ద డబ్బా కోవూరు తీసుకెళ్లడం. పాకం పట్టడంలో ఇంటింటికీ తేడా ఉంటుంది కాబట్టి "మీ అమ్మ పాకం లేతగా తీసింది" అని ఒక వ్యాఖ్య వస్తుంది. ఆ మాత్రం వ్యాఖ్య పండగలో భాగమే, నవ్వి ఊరుకోండి. నాన్నగారు ఆ మూడు రోజులూ బ్యారన్ దగ్గరే ఎక్కువ ఉంటారు. అయితే మూడు రోజుల్లో మనవరాలిని బ్యారన్ దగ్గరకు ఎవరైనా ఎత్తుకెళ్తారు. పోయినేడు ఒక గంటలో కుదరనిది అది.

రెండో దారి, ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ. చాలా కుటుంబాలు ఇదే చేస్తున్నాయి. లెక్క సమానంగా కనిపిస్తుంది కాబట్టి వినడానికి బాగుంటుంది. మీ ఇంటికి ఇప్పుడే సరిపడుతుందా అన్నది నాకు అనుమానం. టంగుటూరు వంతు వచ్చిన ఏడాది పెద్దలకు పెట్టడానికి మీ ఆయన ఒక్కరే కోవూరు వెళ్లాలి, అప్పుడు పండగ పూట మీరు ముగ్గురూ ఒక చోట ఉండరు. లేదా ఆయనా వెళ్లరు, వదిన ఆ ఏడాది రాలేకపోతే అత్తగారు ఒంటరిగా ఆ ఫొటో ముందు కూర్చుంటారు. ఆ తర్వాతి పదేళ్లు ఆ ఒక్క పండగే మాట్లాడుకుంటారు. రెండు మూడేళ్లు పోనిచ్చి, ఆ దుఃఖం కొంచెం పాతబడ్డాక, ఈ ఏర్పాటు మొదలుపెట్టొచ్చు. అలా అనుకుంటే ఆ సంగతి ఇప్పుడే చెప్పి ఉంచండి. "చూద్దాంలే" అని వదిలేసినవి మన ఇళ్లలో ఎన్నటికీ జరగవు.

మూడోది నాకు ఇష్టమైనది. మన పండగ మూడు రోజులది అని ఎవరన్నారు? డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలై నెల పట్టారంటే పండగ వచ్చేసినట్టే. ఆ రోజు నుంచి వాకిట్లో ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మలు, పొద్దున్నే హరిదాసు. మీ పాపకు గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు పెట్టడం నేర్పడానికి భోగి దాకా ఆగక్కర్లేదు. డిసెంబరు చివరి వారంలో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు చాలావరకు మందకొడిగా నడుస్తాయి. మీ ఆయనకు ఇంటి నుంచి పని చేసే వీలుంటే టంగుటూరు మిద్దె మీద కూర్చుని చేసుకుంటారు, నెట్ సిగ్నల్ సంగతి మాత్రం ముందు చూసుకోమనండి. పొలంలో పని ఉంటుంది కానీ రెలుపులు మొదలుకాకముందు నాన్నగారు రాత్రిళ్లు ఇంట్లోనే పడుకుంటారు. ఒక సాయంత్రం మనవరాలిని కొత్తపట్నం సముద్రం దగ్గరకు తీసుకెళ్లగలుగుతారు. నాటిన తేదీని బట్టి, నేలను బట్టి ఇది వారం అటూ ఇటూ మారుతుంది కాబట్టి ఆయన్నే అడగండి.

ఇందులో లోటు ఏమిటో మీకు తెలుసు. చుట్టుపక్కల ఇళ్లకు కూతుళ్లంతా భోగికి వస్తే మీరు ఆ రోజు ఉండరు. వీధిలో "మీ అమ్మాయి రాలేదా" అని మీ అమ్మగారిని అడుగుతారు. "క్రిస్మస్‌కే వచ్చి వారం ఉండి వెళ్లిందిగా" అని చెప్పుకోవడానికి ఆమెకు ఒక మాట దొరుకుతుంది, అయినా వెలితి వెలితే. మీ స్కూలు ఆ వారం ఎన్ని రోజులు సెలవు ఇస్తుందన్నది మరో సమస్య. మొదటి దారినీ దీన్నీ ఏడాది మార్చి ఏడాది వాడుకోవచ్చు కూడా.

అందరినీ హైదరాబాద్ రప్పించుకోవడం గురించి ఒక్క మాటే. నాన్నగారు కదల్లేరు, అత్తగారు కదలరు. పెట్టుకోవద్దు.

వంటింటి విషయానికి వస్తే, మీ కోపంలో సగం పండగ ఎక్కడన్నదాని మీద లేదేమో, ఆ మూడు రోజులూ పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడటం మీద ఉందేమో చూసుకోండి. కోవూరులో మీకు కూడా కాసేపు కూర్చునే చోటుంటే ఆ ఇల్లు ఇంత బరువుగా అనిపించేదా? వదిన విశ్రాంతి తీసుకోవడం న్యాయమే అన్నారు మీరే. అది మీ మంచితనం. ఆవిడ ఏడాదంతా చెన్నైలో తన అత్తవారింట్లో ఏ పొయ్యి దగ్గర నిలబడుతోందో మనకు తెలియదు. కానీ మీ ఇంట్లో ఈ విషయం సులువుగా అర్థం చేసుకోగలిగిన మనిషి ఎవరన్నా ఉంటే అది ఆవిడే. సంక్రాంతికి పుట్టింటికి రావడం అంటే ఏమిటో ఆవిడకు ఏటా తెలుస్తోంది. ఫిర్యాదు లాగా కాకుండా, సహాయం అడుగుతున్నట్టు ఫోన్ చెయ్యండి. "వదినా, మీరు అమ్మ దగ్గరకు వచ్చినప్పుడు మీకు ఎంత హాయిగా ఉంటుందో చూస్తున్నాను. నాకూ మా అమ్మ దగ్గర ఒక భోగి గడపాలని ఉంది. అత్తమ్మకు ఎలా చెప్తే బాగుంటుంది?" అనండి. ఎదురుతిరిగితే నష్టం లేదు, ఇప్పుడున్నట్టే ఉంటారు. కలిసొస్తే అత్తగారి దగ్గర సగం పని ఆవిడే చేసిపెడుతుంది. కూతురు చెబితే వినే మాట కోడలు చెబితే వినిపించకపోవడం ఈ ఒక్క ఇంటిదే కాదు.

పిండివంటలు కొన్ని బయట చేయించుకోవచ్చు. ఇప్పుడు నెల్లూరులోనూ, కోవూరులోనూ ఆర్డరు ఇస్తే అరిసెలు, మురుకులు కేజీల లెక్కన చేసి ఇచ్చే ఆడవాళ్లున్నారు. దేవుడికి పెట్టేవరకు ఇంట్లో చేసి మిగతావి కొంటే పండగ తగ్గిపోదు. అత్తగారు ఒప్పుకోవడానికి ఒకట్రెండేళ్లు పడుతుంది.

మీ ఆయన అన్న మాట నాకు నచ్చలేదు. "రెండూ ఒకటే" అనే మనిషి ఏటా కారును ఒకే ఊరి వైపు నడుపుతున్నాడు. ఆయనది చెడ్డ బుద్ధి అనను. తండ్రి పోయాక తల్లి ఒక్కతే ఉందన్న దిగులు ఆయన్ని నోరెత్తనివ్వడం లేదు. ఆ దిగులు నిజమే. కానీ మీరూ మీరూ తేల్చుకోండి అనడంతో ఆయన పక్కకు తప్పుకున్నారు, మీరూ అత్తగారూ ఎదురెదురుగా మిగిలారు. ఆమె ఆయన తల్లి, కాబట్టి ఈ మాట ఆమెకు ఆయనే చెప్పాలి. అదీ "తను అలా అంటోందమ్మా" అని కాకుండా "మేం ఇలా అనుకున్నామమ్మా" అని. ఆ చిన్న మార్పుతో కోడలు కొడుకును లాగేస్తోందన్న అనుమానానికి చోటు తగ్గుతుంది. ఆయన్ని దీనికి ఒప్పించాలంటే ముందు మీరు దసరాకు అన్న మాట వెనక్కి తీసుకోవాల్సి ఉంటుంది. "రాను" అన్నది ఆయన చెవికి "నీ తండ్రికి పెట్టే పూట నేను ఉండను" అని వినిపించి ఉంటుంది. మీ ఉద్దేశం అది కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది, ఆయన మీ ఉత్తరం చదవలేదు కదా. "సంక్రాంతి నాడు మామయ్యకు పెట్టేటప్పుడు నేను మీ పక్కనే ఉంటాను. భోగి నాకు కావాలి" అని విడదీసి చెప్పండి. ఎక్కువ టెన్షన్‌లో ఉన్నప్పుడు కాకుండా, పాప పడుకున్నాక, చేతిలో క్యాలెండరు పెట్టుకుని చెప్పండి.

అయినా ఆయన కదలకపోతే? అప్పుడు పాపను తీసుకుని మీరే సెలవులు ఇవ్వగానే టంగుటూరు వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ముందుగా తెలియజేస్తే చాలు. భోగి సాయంత్రానికి ఒంగోలు నుంచి నెల్లూరుకు బస్సులో మీరే వెళ్లొచ్చు, మూడు గంటల లోపు దారి. దానివల్ల ఒకటి రెండు వారాలు ముఖాలు మాడి ఉంటాయి. ఆ మాత్రం మీరు తట్టుకోగలరా అన్నది మీకే తెలుసు. తట్టుకోలేనని అనిపిస్తే ఈ ఏడాది డిసెంబరు వారంతో సరిపెట్టి, వచ్చే ఏడాది భోగి గురించి ఇప్పుడే మాట తీసుకోవడం బలహీనతేమీ కాదు.

మీరు అడగని ఒక సంగతి మాత్రం చెప్పాలి. మీ అమ్మగారు "పర్లేదులేమ్మా" అన్నదాన్ని మీరు ఏడాదిగా మోస్తున్నారు. ఆ మాటలో ఎంత బాధ ఉందో మీరే లెక్క కట్టుకున్నారు, ఆమెను అడగలేదు. నిజంగా బాధపడి ఉండొచ్చు. లేదా బ్యారన్ మంటతో, కూలీలకు వండి పెట్టడంతో ఆ వారమంతా ఒళ్లు హూనమై, పిల్లలు వేసవిలో తీరిగ్గా వస్తే బాగుండునని ఆమె అనుకుంటూ ఉండొచ్చు. వాళ్ల పండగను వాళ్ల నోటితో విన్నాక మీ పట్టు ఎంత ఉండాలో మీకే తెలుస్తుంది.

కాబట్టి వరస ఇలా పెట్టుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం. మొదటి ఫోన్ నాన్నగారికి. ఈ ఏడాది ఎప్పుడు నాటారు, మొదటి బ్యారన్ ఎప్పుడు ఎక్కిస్తారు, తనకు ఏ వారం తీరిక, అడగండి. తర్వాత అమ్మగారిని. ఆ తర్వాత మీ ఆయనతో క్యాలెండరు ముందు కూర్చోండి. వదినకు మీరు, అత్తగారికి ఆయన. ఇదంతా నవంబరు రెండో వారం లోపల అయిపోవాలి. ఎందుకంటే రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబరుకు ముందు 120 రోజులుండేది, అప్పుడు సెప్టెంబరులోనే పోట్లాట తేలిపోయేది. భోగి ముందు రోజులకు సింహపురి, చార్మినార్ లాంటి బండ్లలో బెర్తులు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. మీకూ పాపకూ ఒంగోలు దాకా ముందు బుక్ చేసుకోండి. తిరుగు ప్రయాణం కారులో ముగ్గురూ కనుమ మర్నాడు. ఆ రోజు హైదరాబాద్ చేరబోయే ముందు పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి కాబట్టి కోవూరులో చీకటితోనే బయల్దేరండి, టంగుటూరులో టిఫిన్‌కు ఆగండి.